రఫీ తెలుగు, నా అరబ్బీ

పాఠకులకు ముందుగా ఒక మనవి. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. వృత్తిరీత్యా వైద్యుణ్ణి. రాగాల పేర్లు పదీ పదిహేను తెలుసు గాని, విని గుర్తుపట్టగలిగేవి అందులో సగం కూడా ఉండవు. అయినా మహమ్మద్ రఫీ గురించి రాయడానికి సాహసించానంటే కారణం ఉంది. ఆయన పాట నా చెవికెక్కడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది, అదీ కువైట్ వచ్చిన తర్వాతే జరిగింది. ఎందుకంత ఆలస్యమైందో, ఇక్కడికి వచ్చాకనే ఎందుకు తెలిసివచ్చిందో చెబితే, మన పిల్లల తెలుగు విషయంలో మనం ఆలోచించుకోవలసిన సంగతి ఒకటి బయటపడుతుందని నా నమ్మకం.

మాది తెనాలి దగ్గర పల్లె. మా ఇంట్లో పాట అంటే ఘంటసాల, తర్వాత బాలు. హిందీ పాట అంటే బస్టాండులో వినిపించేది. రఫీ పేరు మాకు తెలిసింది హిందీ పాటల వల్ల కాదు, రామారావు గారి వల్ల. 1969లో 'భలే తమ్ముడు' విడుదలైనప్పుడు మా నాన్నగారికి పద్నాలుగేళ్ళు. మిత్రులతో కలిసి తెనాలి వెళ్ళి చూశారట. తెర మీద రామారావు గారు పెదవి కదిపితే ఘంటసాల గొంతు రాకుండా మరెవరిదో గొంతు వచ్చేసరికి హాలంతా గుసగుసలట. ఆ పాటల కాసెట్ మా ఇంట్లో ఉండేది. పండక్కి చుట్టాలు చేరినప్పుడు మా బాబాయి దాన్ని పెట్టి, ఏ అక్షరం ఎక్కడ జారిందో అనుకరించి చూపించేవాడు. మేమంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. పాట బాగుందా లేదా అన్న ప్రశ్నే రాలేదు. వైద్య కళాశాలలో నా గదిలోని హైదరాబాదు మిత్రుడు రాత్రిళ్ళు రఫీ పాటలు పెట్టుకుంటే, "మన తెలుగును ఖూనీ చేసింది ఈయనేగా!" అన్నాను. అతను రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు అదీ నవ్వులాటగానే తోచింది.

2016లో ఉద్యోగరీత్యా కువైట్ వచ్చాను. గుండె జబ్బుల వార్డులో పని. చదువుకున్న వైద్యశాస్త్రం చాలావరకు సరిపోయింది గాని, నోరు సరిపోలేదు. పిన్నలు ఇంగ్లీషు మాట్లాడతారు, పెద్దవయసు రోగులతో అరబ్బీ తప్పదు. ఒక చిన్న నోటు పుస్తకం కొని తెలుగు లిపిలో మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. రోగి 'మరీద్'. మందు 'దవా'. చికిత్స 'ఇలాజ్'. నాడి 'నబ్ద్'. స్వస్థత 'షిఫా'. ఓర్పు 'సబ్ర్'. వారానికి ఇరవై మాటల చొప్పున, చిన్నప్పుడు ఎక్కాలు వల్లించినట్టు వల్లించాను.

మా వార్డులో ఈసీజీ తీసే టెక్నీషియను లాహోరు మనిషి. రాత్రి డ్యూటీలో పని తెమిలాక తన ఫోనులో సన్నగా రఫీ పాటలు పెట్టుకునేవాడు. ఒక రాత్రి రెండు దాటాక, టీ తాగుతూ అన్యమనస్కంగా వింటున్నాను. పాటలో ఒక మాట దగ్గర చటుక్కున ఆగాను. అది నా నోటు పుస్తకంలోని మాట. కాసేపటికి ఇంకొకటి. అరబ్బీ 'మరీద్' ఉర్దూలో 'మరీజ్' అయింది, 'నబ్ద్' కాస్తా 'నబ్జ్' అయింది. దవా, ఇలాజ్, షిఫా ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఉర్దూ కవులకు ప్రేమ ఒక వ్యాధి, ప్రేమికుడు రోగి, నయం చేయవలసిన వైద్యుడు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు. ఈ సంప్రదాయం నుంచి వచ్చిన షకీల్, సాహిర్, మజ్రూహ్ వంటివారు సినిమాలకు రాశారు. పగలంతా వార్డులో నేను పలకలేక తడబడిన మాటల్ని రాత్రి ఒక గాయకుడు తడబాటు లేకుండా, తొందర లేకుండా పలుకుతున్నాడు. అర్థం తెలిసిన మొదటి నాలుగు మాటల వెంటబడి పాటలోకి ప్రవేశించాను. తర్వాత మిగిలినవి లాహోరు మిత్రుడే చెప్పాడు.

ఇక ఆ మహానుభావుడి కథ కొంచెం చెప్పుకోవాలి. రఫీ 1924 డిసెంబరు 24న పంజాబులో అమృత్‌సర్ జిల్లా కోట్లా సుల్తాన్ సింగ్ అనే పల్లెలో పుట్టారు. ఆ ఊరి వీధుల్లో పాడుకుంటూ తిరిగే ఒక ఫకీరు వెంటపడి ఆ పాటలను అనుకరించడమే ఆయన తొలి సంగీత పాఠం. తర్వాత కుటుంబం లాహోరు చేరింది. వాళ్ళది క్షౌరశాల నడుపుకునే సామాన్య కుటుంబం. అక్కడ శాస్త్రీయ సంగీతం నేర్చుకుని, 1944లో శ్యామ్ సుందర్ సంగీతంలో 'గుల్ బలోచ్' అనే పంజాబీ సినిమాకు పాడి, బొంబాయి చేరారు. మన ఘంటసాల ఆయన కంటే రెండేళ్ళు పెద్ద. విజయనగరంలో ఇంటింటా మధూకరం ఎత్తుకుని సంగీతం చదువుకున్న ఘంటసాలా, క్షౌరశాల నుంచి వచ్చిన రఫీ ఇంచుమించు ఒకే కాలంలో, ఒకరు మద్రాసులో, ఒకరు బొంబాయిలో అవకాశాల కోసం తిరిగారు. రఫీకి 1967లో, ఘంటసాలకు 1970లో పద్మశ్రీ వచ్చింది. చిన్నప్పుడు ఈ ఇద్దర్నీ పోటీ పెట్టి ఒకర్ని నవ్వులపాలు చేశామే గాని, అన్నదమ్ముల్లాంటి వారని మాకు తోచలేదు.

1948లో గాంధీజీ మరణానంతరం బాపూ కథను పాటగా రాజేంద్ర కిషన్ రాయగా, హుస్న్‌లాల్ భగత్‌రామ్ వరస కట్టగా, రఫీ పాడారు. నెహ్రూ గారు తమ ఇంటికి పిలిపించుకుని ఆ పాట పాడించుకున్నారు. 1952లో 'బైజూ బావ్‌రా' వచ్చింది. అందులో ఆయన పాడిన భజన మాల్కౌఁస్ రాగం. మన హిందోళానికి అది ఉత్తరాది రూపం. రాసింది షకీల్ బదాయూనీ, స్వరపరచింది నౌషాద్, పాడింది రఫీ. ముగ్గురూ ముస్లిములు, పాట హరిదర్శనం కోసం. మా అమ్మ ఆ పాటను ఎన్నడూ విన్నది కాదు. కువైట్ నుంచి ఫోనులో వినిపిస్తే, అర్థం తెలియకపోయినా కళ్ళు తుడుచుకుంది. "ఎవర్రా ఆయన?" అంది. రఫీ అంటే నమ్మలేదు.

నాకు మరీ ఆశ్చర్యం కలిగించింది 1957 నాటి 'ప్యాసా'. గురుదత్ తీసిన ఈ సినిమాలో, సచిన్ దేవ్ బర్మన్ సంగీతంలో, తలకు నూనె మర్దనా చేసే జానీ వాకర్‌కి హాస్యపు పాట పాడిందీ రఫీయే. లోకం మీద విరక్తి పుట్టిన కవికి, చివర్లో, గుండె పిండేసే పాట పాడిందీ రఫీయే. రెండూ ఒకే గొంతంటే మొదటిసారి విన్నవాళ్ళు సులువుగా ఒప్పుకోరు. దిలీప్ కుమార్‌కి పాడితే దిలీప్ కుమారూ, షమ్మీ కపూర్‌కి పాడితే షమ్మీ కపూరూ పాడినట్టే ఉంటుంది. రామారావు గారికొక తీరు, నాగేశ్వరరావు గారికొక తీరు అన్నట్టు ఘంటసాల పాడడం చూసిన మనకు ఇది కొత్త విద్య కాదు. కాని ఆ విద్యకు మూలం ఎదుటివాణ్ణి శ్రద్ధగా గమనించడమే గదా. అంత శ్రద్ధ గలవాడు మన తెలుగు దగ్గర మాత్రం అశ్రద్ధ చేశాడా? ఈ ప్రశ్న నన్ను కొన్నాళ్ళు పట్టి పీడించింది. దానికి సమాధానం వార్డులోనే దొరికింది.

ఎనభై దాటిన ఒక కువైటీ పెద్దాయన గుండె పరీక్షలకు వచ్చారు. అన్నీ చూసి, ధైర్యం చెబుదామని నా అరబ్బీలో, "మీ కల్బ్ బాగానే ఉంది" అన్నాను. పక్కనున్న కొడుకు తల దించుకున్నాడు, నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన మాత్రం హాయిగా నవ్వి, "డాక్టర్, నేను కుక్కను పెంచడం లేదే!" అన్నారు. విషయమేమంటే, గుండెకు అరబ్బీ మాట 'ఖాఫ్' అనే అక్షరంతో మొదలవుతుంది. అది కొండనాలుక దగ్గర పుట్టే శబ్దం. దాన్ని మన మామూలు 'క'తో పలికితే కుక్క అని అర్థం. మనకు ఆ రెండు శబ్దాలకూ తేడా లేదు. మన హైదరాబాదు వాళ్ళు కూడా దాన్ని 'ఖ' చేసేస్తారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "మా ఊరి మాటలో 'గల్బ్' అను, నీకు సులువు" అని నేర్పించారు. మూడుసార్లు అనిపించి, "జైన్, జైన్" అన్నారు. బాగుంది, బాగుంది అని.

తర్వాత కుర్చీ లాక్కుని, మేము మీ దేశం మాటల్ని ఏం చేశామో తెలుసా అని మొదలుపెట్టారు. పంఖాను 'బంకా' చేశారు. పైసలను 'బేజాత్' చేశారు. జోడును 'జూతీ' అంటారు. చమురు దొరక్కముందు ఇక్కడి పడవలు ముత్యాలూ ఖర్జూరాలూ వేసుకుని బొంబాయి, మలబారు రేవులకు వెళ్ళి, కలపా బియ్యమూ తెచ్చుకునేవి. 1961లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెలామణి అయింది రూపాయే. అలా తెచ్చుకున్న మాటల్ని వాళ్ళు తమ నోటికి తగినట్టు మార్చుకున్నారు. బొంబాయిలో వాళ్ళను చూసి ఎవరు నవ్వారో, ఎవరు నేర్పారో. ఆ పెద్దాయన తర్వాత పరీక్షకు వచ్చినప్పుడల్లా, "గల్బ్ ఎలా ఉంది డాక్టర్?" అని ఆయనే నన్ను అడిగేవారు.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి, 'భలే తమ్ముడు' పాటలు వెతికి పెట్టాను. చిన్ననాటి తర్వాత మళ్ళీ వినడం అదే. ఈసారి బాబాయి అనుకరణ పక్కన లేదు.

రఫీకీ తెలుగుకూ ఉన్న సంబంధం మనం అనుకునేదాని కంటే పాతది. శంకర్-జైకిషన్ జంటలో శంకర్ హైదరాబాదులో పెరిగినవాడు, తెలుగు వచ్చినవాడు. 1955లో 'శ్రీ 420' సినిమాకు, రామయ్యను వస్తావా అని పిలిచే తెలుగు మాటలతోనే పల్లవి ఎత్తుకున్నాడు. ఆ పాట పాడిన ముగ్గురిలో లత, ముకేశ్‌లతో పాటు రఫీ ఒకరు. దేశమంతా అర్థం తెలియకుండానే మన తెలుగు మాటలు పాడుకుంది. తర్వాత 1964లో చిత్తూరు నాగయ్య గారు 'భక్త రామదాసు' తీస్తూ, కబీరు పాత్ర వేసిన గుమ్మడి గారికి రఫీ చేత పాడించారు. 1969లో 'భలే తమ్ముడు'. ఇది షమ్మీ కపూర్ ద్విపాత్రాభినయం చేసిన 'చైనా టౌన్' (1962)కు తెలుగు రూపం. హిందీలో రవి సంగీతంలో షమ్మీ కపూర్‌కి పాడిన రఫీయే, తెలుగులో టి.వి. రాజు సంగీతంలో రామారావు గారికి పాడారు. 1976లో 'ఆరాధన'. దీనికి మూలం 'గీత్' (1970) అనే హిందీ సినిమా. అందులోని రఫీ పాట వరసనే తెలుగులో ఎస్. జానకి గారితో కలిసి ఆయన మళ్ళీ పాడారు. 1979లో రామారావు గారు 'అక్బర్ సలీం అనార్కలి' తీసినప్పుడు సి. రామచంద్ర సంగీతంలో సుశీల గారితో పాడారు. 1953 నాటి హిందీ 'అనార్కలి'కి సంగీతం ఇచ్చిందీ ఆ రామచంద్రే.

మన భాషలో పాడిన ఉత్తరాది వారు ఇంకా ఉన్నారు. లతా మంగేష్కర్ 1955లో 'సంతానం' సినిమాకు సుసర్ల దక్షిణామూర్తి గారి వరసలో జోలపాట పాడారు. తలత్ మహమూద్ 1959లో రమేశ్ నాయుడు గారి సంగీతంలో 'మనోరమ'కు పాడారు. కాని ఒక పెద్ద కథానాయకుడి గొంతుగా సినిమాలో నిలబడ్డది రఫీ.

పరభాషా గీతాలను రఫీ ఉర్దూ లిపిలో రాసుకుని పాడేవారని చెబుతారు. ఈ మాట విన్నాక నా నోటు పుస్తకం గుర్తుకొచ్చింది. ఒక కాగితం తీసుకుని ఆలోచించాను. ఉర్దూ లిపిలో మన 'ళ'కు వేరే అక్షరం లేదు, 'ల'తో సరిపెట్టుకోవాలి. 'ణ' లేదు, 'న' రాసుకోవాలి. 'ఎ'కూ 'ఏ'కూ, 'ఒ'కూ 'ఓ'కూ తేడా చూపే ఏర్పాటు లేదు. ఆ తేడా అసలు హిందీ ఉర్దూల్లోనే మనకున్నట్టు లేదు. పొట్టి 'ఎ'ని పొడుగు చేసి పలకడం ఆయన అశ్రద్ధ కాదు, ఆయన రాసుకున్న కాగితంలో అది పొట్టిదని చెప్పే గుర్తే లేదు. తెలుగు లిపిలో అరబ్బీ రాసుకున్న నా పుస్తకంలోనూ అంతే. అందులో గుండెకూ కుక్కకూ ఒకే అక్షరం. అంటే ఆయన జారిన చోట్లన్నీ లిపికి లిపికి మధ్య ఉన్న కంతలు. ఆ కంతల మీదుగా ఆయన మిగతా దారంతా ఎంత జాగ్రత్తగా నడిచారో మేము ఎప్పుడూ వినలేదు. ఒత్తులు ఒత్తులుగానే ఉన్నాయి. పదాన్ని ఎక్కడ విరవకూడదో అక్కడ విరవలేదు. అర్థం తెలియని భాషలో చిలిపితనం చిలిపితనంగా, విరహం విరహంగా పలికింది. ఆ రాత్రి వింటూ 'ళ' లెక్కపెట్టడం మానేశాను.

1980 జూలై 31న రఫీ గుండెపోటుతో బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 55. వానలో తడుస్తూ వేలాది జనం అంతిమయాత్రలో నడిచారు. ఘంటసాల అంతకు ఆరేళ్ళ ముందే, 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్ళకే వెళ్ళిపోయారు. గుండె వైద్యుణ్ణి కనుక ఈ వయసులు చదివినప్పుడు నా మనసు ఊరుకోదు. మూసుకున్న గుండె రక్తనాళాన్ని బుడగతో తెరిచే పద్ధతిని జూరిచ్‌లో గ్రూంట్‌జిగ్ తొలిసారి మనిషికి చేసింది 1977లో. అది అందరికీ అందుబాటులోకి రావడానికి చాలా కాలం పట్టింది. ఈ రోజు 55 ఏళ్ళ మనిషి గుండెపోటుతో వేళకు మా దగ్గరికి వస్తే చాలామంది నడిచి ఇంటికి వెళతారు.

రఫీ పోయిన మరుసటి ఏడు, అంటే 1981లో, చరిత్ర తిరగబడింది. 'మరో చరిత్ర'ను బాలచందర్ హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీశారు. మన బాలు చేత పాడిద్దామంటే, దక్షిణాది యాస వస్తుందని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్-ప్యారేలాల్ మొదట సందేహించారట. నా కథానాయకుడు తమిళ కుర్రాడే, ఆ యాస ఉండవలసిందేనని బాలచందర్ పట్టుబట్టారట. ఆ పాటలకు బాలుకి జాతీయ పురస్కారం వచ్చింది. దేశమంతా ఆ యాసతోనే పాడుకుంది. అప్పుడు మన తెలుగువాళ్ళు ఎంత గర్వపడ్డారో మా నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. రఫీ అంటే ప్రాణమని బాలు ఎన్నోసార్లు బహిరంగంగా చెప్పుకున్నారు. బాలు హిందీ యాస మనకు గర్వకారణమైతే, రఫీ తెలుగు యాస మనకు నవ్వులాట ఎందుకైంది? ఈ ప్రశ్న మా బాబాయిని ఫోనులో అడిగాను. కాసేపు ఊరుకుని, "ఆ కాసెట్ ఎక్కడుందో చూస్తాన్లే" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయికి ఏడేళ్ళు. కువైట్‌లో పుట్టింది. బళ్ళో ఇంగ్లీషు, ఆటల్లో హిందీ, వీధిలో అరబ్బీ, ఇంట్లో తెలుగు. క్రితం ఏడు ఒక పండుగ కార్యక్రమంలో పద్యం చదివింది. 'ళ'లన్నీ 'ల'లయ్యాయి, ఒక 'ణ' 'న' అయింది. సభలో నవ్వులు వినిపించాయి. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో నవ్వలేదు, ముద్దుగానే నవ్వారు. దాచడం ఎందుకు, ముందు వరుసలో కూర్చున్న నేనూ నవ్వాను. పిల్ల మధ్యలో ఆగింది. నా వంక చూసింది. తర్వాత రెండు పాదాలు గబగబా చదివేసి దిగిపోయింది. అప్పటి నుంచి నలుగురిలో తెలుగు మాట్లాడమంటే తలుపు వెనక్కి వెళుతోంది. అమ్మమ్మ ఫోను చేస్తే ఇంగ్లీషులో జవాబు చెబుతోంది.

నా 'కల్బ్' విని ఆ పెద్దాయన కూడా నవ్వారు. కాని నవ్వి ఊరుకోలేదు, చెయ్యి పట్టుకుని నేర్పారు, మళ్ళీ అనిపించారు. అందుకే నేను ఇవాళ తప్పులతోనైనా అరబ్బీ మాట్లాడగలుగుతున్నాను. మా అమ్మాయి విషయంలో నేను మొదటి సగం మాత్రమే చేశాను.

ఈ మధ్య ఫహాహీల్ రోడ్డు మీద కారులో వెళుతుంటే 'ఆరాధన' పాట పెట్టాను. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "నాన్నా, ఈయన తెలుగు నాలాగే ఉంది" అంది. అవునమ్మా అన్నాను. "మరి ఎవరూ నవ్వలేదా?" అంది. నవ్వారు, నేనే నవ్వాను, తప్పు చేశాను అని చెప్పాను. ఆ పాట మళ్ళీ పెట్టమంది. ఇల్లు చేరేలోగా మూడుసార్లు విన్నాం.

రఫీని కొత్తగా వినదలచుకున్న మిత్రులకు 'బైజూ బావ్‌రా'తో మొదలుపెట్టి, 'ప్యాసా' రెండు పాటలూ వెంటవెంటనే విని, ఆ తర్వాత 'భలే తమ్ముడు'కు రమ్మని నా సలహా. వరస మార్చకండి. ఇక వచ్చే ఉగాది కార్యక్రమానికి మా అమ్మాయి పేరు ఇవ్వాలా వద్దా అని ఇంట్లో ఇంకా చర్చ జరుగుతోంది. పిల్ల ఇంకా ఏమీ చెప్పలేదు గాని, పడుకునే ముందు పద్యం సన్నగా గొణుక్కోవడం రెండుసార్లు విన్నాను. ఒకవేళ వేదిక ఎక్కితే, ఆ రోజు వచ్చే పెద్దలందరికీ నాది ఒక్కటే ప్రార్థన. 'ళ' జారితే, పద్యం పూర్తయ్యాక దగ్గరికి పిలిచి, ఇలా అనమ్మా అని నేర్పండి. పూర్తయ్యేదాకా మాత్రం వినండి.